పాత మ్యూజికల్‌కి కొత్త ఆల్బమ్ వస్తే వాద్యాలను ఎలా వినాలి

2023లో 'స్వీనీ టాడ్' మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం, పగబట్టిన ఒక లండన్ మంగలి కథ) మళ్ళీ బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లకి, వచ్చింది. అదే ఏడాది దాని కాస్ట్ ఆల్బమ్, అంటే ఆ నటులే పాడిన పాటల రికార్డు, కూడా విడుదలైంది. ఆ వారంలోనే ఇద్దరు స్నేహితురాళ్ళు నన్ను ఒకే మాట అడిగారు: "పాతదాని కంటే బాగుందా?" అప్పటికి నేను ఒక్కసారే విన్నాను, అదీ ఆఫీసు నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటికి వస్తూ కారులో. "వయొలిన్లు పలచగా ఉన్నాయి, పాతదే నయం" అని మెసేజ్ పెట్టేశాను.

ఆ శనివారం ఇంట్లో వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాను. వయొలిన్లు నిండుగా ఉన్నాయి. కారులో ఎవరో బేస్ పూర్తిగా పెంచి పెట్టారు. వయొలిన్లూ క్లారినెట్లూ ఉండే మధ్యస్థాయి అంతా దాని కింద నలిగిపోయింది. 26 మంది కూర్చుని వాయించినదాన్ని నేను ఒక్క వాక్యంలో కొట్టిపారేశాను. ఇద్దరికీ ఫోన్ చేసి నా మాట తప్పని చెప్పాను. అప్పటి నుంచి ఏ రివైవల్ (పాత నాటకాన్ని మళ్ళీ వేయడం) ఆల్బమ్ గురించి మాట్లాడాలన్నా ఒక పద్ధతి పెట్టుకున్నాను. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

పద్ధతి పూర్తిగా నాది కాదు. నేను పెరిగింది తెనాలిలో. మా బాబాయి మద్రాసులో సినిమా రికార్డింగులకు వయొలిన్ వాయించేవారు. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకే రికార్డింగ్ థియేటర్‌లో కూర్చునే రోజులవి. ఒకరు తప్పు వాయిస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. సెలవులకు వచ్చినప్పుడు రేడియో దగ్గర నన్ను కూర్చోబెట్టుకునేవారు. "పాట నీకు ఎలాగూ వినపడుతుంది తల్లీ. దాని అడుగున ఏం జరుగుతోందో విను" అనేవారు. ఆయన బ్రాడ్‌వే పేరు కూడా వినలేదు. కానీ న్యూయార్క్ నాటకాల ఆల్బమ్‌లు వినేటప్పుడు నాకు పనికొచ్చేది ఆ మాటే.

పని ముగ్గురిది

బ్రాడ్‌వేలో పాట కట్టినవారు మామూలుగా గొంతుకీ పియానోకీ రాసి ఇస్తారు. ఆ పియానోలో ఉన్నదాన్ని ఏ వాద్యానికి ఇవ్వాలి, ఎక్కడ ఫ్లూట్ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ ట్రాంబోన్లు గొంతును ముంచెయ్యకుండా ఆగాలి అన్నది తేల్చేది ఆర్కెస్ట్రేటర్. 'స్వీనీ టాడ్' పాటలు స్టీఫెన్ సోండ్‌హైమ్‌వి, ఆర్కెస్ట్రేషన్ జోనథన్ ట్యూనిక్‌ది. ఈ పనికి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో విడిగా బహుమతి ఇవ్వడం 1997లోనే మొదలైంది. మొదటిది అందుకున్నది ట్యూనికే.

ఆ కాగితం మీది దాన్ని వాయించేవాళ్ళు వేరు. వాళ్ళ ముందు మైకులు పెట్టి, ఎవరిని ఎంత దగ్గరగా వినిపించాలో తేల్చే రికార్డింగ్ మనుషులు వేరు. ఆల్బమ్ నచ్చలేదంటే ఈ మూడు పనుల్లో ఏది నచ్చలేదో చెప్పగలగాలి. "సౌండ్ బాలేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. గొప్పగా రాసినదాన్ని మిక్సింగ్‌లో, అంటే గొంతులనూ వాద్యాలనూ తగిన పాళ్ళలో కలిపే చోట, పాడుచేయొచ్చు. సాదాసీదాగా రాసినదాన్ని మంచి హాలులో రికార్డు చేసి గంభీరంగా వినిపించొచ్చు.

ఈ తేడా చెవికి తెలియాలంటే 'ఓక్లహోమా!' అనే మ్యూజికల్‌తో మొదలుపెట్టండి. 1943 నాటి ఆల్బమ్ డెక్కా రికార్డు కంపెనీ వాళ్ళు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద తెచ్చారు. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పడుతుంది, అంతా మోనో, కింది స్వరాలు సన్నగా వినిపిస్తాయి. అది విని "ఆ కాలం ఆర్కెస్ట్రేషన్ ఇంతేనా" అనుకోవడం సులువు. తర్వాత 2023లో షాండోస్ కంపెనీ వాళ్ళు విడుదల చేసినది వినండి. జాన్ విల్సన్ నడిపించగా సిన్ఫోనియా ఆఫ్ లండన్ వాయించింది. రాసింది మాత్రం 1943లో రాబర్ట్ రస్సెల్ బెన్నెట్ 28 మందికి రాసిన అదే ఆర్కెస్ట్రేషన్. కాగితం ఒకటే, మధ్యలో 80 ఏళ్ళు. డెక్కా రికార్డులో ముద్దగా వినిపించినవి ఇక్కడ విడివిడిగా లేచి నిలబడతాయి. రాసినవారిని రికార్డింగ్ నుంచి వేరు చేసి వినడమంటే ఏమిటో ఈ రెండూ పక్కపక్కన పెట్టిన రోజే నాకు నిజంగా అర్థమైంది.

వినేముందు తలకాయలు లెక్కపెట్టండి

ప్లే నొక్కేముందు ఆల్బమ్ బుక్‌లెట్ తెరవండి. పీడీఎఫ్ రూపంలో దొరికినా సరే. నటుల పేర్లు దాటి కిందికి వెళ్ళండి. ఆర్కెస్ట్రేషన్ ఎవరిది? పాతదే వాడారా, కొత్తగా రాయించారా, పాతదాన్నే కుదించారా? వయొలిన్ కింద ఎన్ని పేర్లున్నాయి? చెల్లో ఒకరా, ఇద్దరా? కీబోర్డులు ఎన్ని? నాటకానికి రోజూ వాయించే బృందం కాక, ఆల్బమ్ కోసం మాత్రమే అదనంగా తీగవాద్యాలు పిలిపించారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. అలా పిలిపించి ఉంటే, ఆల్బమ్‌లో వినపడే నిండుదనం థియేటర్‌లో ఉండకపోవచ్చు.

'స్వీనీ టాడ్' లెక్క ఇది. 1979లో యూరిస్ థియేటర్‌లో 26 మంది. 2005లో జాన్ డాయల్ దర్శకత్వంలో వచ్చినప్పుడు వేదిక మీద ఉన్నది మొత్తం 10 మంది నటులు. పిట్‌లో (వేదిక ముందు వాద్యకారులు కూర్చునే గుంటలో) వేరే ఆర్కెస్ట్రా లేదు, వాద్యాలు వాళ్ళే వాయించారు. 2023లో లంట్-ఫోంటాన్ థియేటర్‌లో మళ్ళీ 26 మంది, మళ్ళీ ట్యూనిక్ రాసిన మొదటి ఆర్కెస్ట్రేషన్.

సంఖ్య తగ్గిందంటే డబ్బు మిగుల్చుకున్నారని చాలామంది వెంటనే తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే. బ్రాడ్‌వే పెద్ద థియేటర్లలో ఇంతమంది వాద్యకారులు తప్పనిసరి అని యూనియన్ ఒప్పందం ఉంటుంది. 2003 మార్చిలో నిర్మాతలు ఆ కనీస సంఖ్యను బాగా తగ్గించాలని పట్టుబడితే వాద్యకారులు నాలుగు రోజులు సమ్మె చేశారు. చివరికి అతిపెద్ద థియేటర్లలో 24-26గా ఉన్న సంఖ్య 18-19కి దిగింది. అందుకే 2008లో న్యూయార్క్ లింకన్ సెంటర్ వాళ్ళు 'సౌత్ పసిఫిక్' మ్యూజికల్‌ని 30 మందితో తెచ్చినప్పుడు జనం అంత సంబరపడ్డారు. ఓవర్చర్ (నాటకం మొదలయ్యే ముందు ఆర్కెస్ట్రా వాయించే సంగీతం) మధ్యలో వేదిక నేల వెనక్కి జరిగి కింద ఆర్కెస్ట్రా మొత్తం కనపడేది. ఆల్బమ్‌లో ఆ దృశ్యం ఉండదు. అయినా ఓవర్చర్ మొదటి మూడు స్వరాల బరువులో ఆ 30 మంది తెలుస్తారు.

కానీ 2005 'స్వీనీ టాడ్' ఆ కోవలోది కాదు. డాయల్ ఆ కథను పిచ్చాసుపత్రిలో చెప్పించాడు. లోపల ఉన్నవాళ్ళే కథ చెబుతారు, చేతికందిన వాద్యం తీసుకుని వాళ్ళే వాయిస్తారు. మంగలికి తోడుండే మిసెస్ లవెట్‌గా ప్యాటీ లుపోన్ ట్యూబా వాయించింది. ప్రేమికులు ఆంథనీ, జోహానా ఇద్దరి చేతుల్లోనూ చెల్లోలే. పోటీ మంగలి పిరెల్లీ చేతిలో అకార్డియన్. ఈ పదిమందికి కొత్తగా రాసిన సారా ట్రావిస్‌కి 2006లో టోనీ వచ్చింది. ఆల్బమ్ వింటున్నప్పుడు చెల్లో వినపడితే అది వట్టి చెల్లో కాదని, ఆ ఇద్దరిలో ఎవరో ఒకరి మనసని గుర్తుపెట్టుకోండి. అక్కడ సంఖ్య తగ్గించడమే కథ చెప్పే తీరు. అందుకని నేను "ఎంతమంది?" తర్వాత తప్పకుండా "ఎందుకు ఇంతమంది?" అని అడుగుతాను.

ఒకే పాట, ఒకే వాల్యూమ్, మూడు సార్లు

ఆల్బమ్ మొత్తం ఒక ఊపులో వినడం ఆనందానికి. తూకం వేయడానికి మాత్రం ఒక్క పాట తీసుకోండి, అదే పాట ఉన్న పాత ఆల్బమ్‌లు పక్కన పెట్టుకోండి. 'స్వీనీ టాడ్'కి నేను ఎంచుకునేది 'మై ఫ్రెండ్స్'. చిన్న పాట. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన మంగలి తన కత్తులను చేతిలోకి తీసుకుని ప్రియురాలితో మాట్లాడినట్టు పాడతాడు.

ముందు వాల్యూమ్ సంగతి. ఒకే సంగీతాన్ని కాస్త గట్టిగా పెడితే మన చెవికి అదే మెరుగ్గా తోస్తుంది. కొత్త ఆల్బమ్‌లు చాలావరకు పాతవాటికంటే గట్టిగా మాస్టర్ చేసి (విడుదలకు ముందు చివరిగా ధ్వని స్థాయి సరిచేసి) ఉంటాయి, కాబట్టి ఏమీ చేయకుండానే గెలిచేస్తాయి. గాయకుడు ఒంటరిగా, మామూలు స్థాయిలో పాడే ఒక వాక్యం పట్టుకోండి. మూడు ఆల్బమ్‌లలోనూ ఆ వాక్యం ఒకే ఎత్తులో వినపడేలా వాల్యూమ్ సరిచేసుకోండి. ఆ తర్వాత బటన్ ముట్టుకోవద్దు. ఫోన్‌లో ఈక్వలైజర్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. నా కారు తప్పు మీరు చేయొద్దు.

మొదటిసారి అడుగు మాత్రమే వినండి. డబుల్ బేస్, ట్యూబా, బాస్ క్లారినెట్, చెల్లో కింది తీగ, వీటిలో పాటను మోస్తున్నది ఎవరు? అది నడుస్తోందా, ఒకేచోట నిలబడి ఉందా, ఊగుతోందా? గొంతు మీదికి మనసు పోతూనే ఉంటుంది, పోనివ్వకూడదు. నేను కళ్ళు మూసుకుని కింది గీతను చిన్నగా కూనిరాగం తీస్తాను. తీయలేకపోతే అది నాకు సరిగా వినపడలేదన్నమాట, మళ్ళీ మొదటికి వెళ్తాను.

రెండోసారి మధ్యలోవాళ్ళను వినండి. ఆర్కెస్ట్రేటర్ పనితనం తెలిసేది ఇక్కడే. గాయకుడు ఊపిరి తీసుకునే సందుల్లో ఏ వాద్యం జవాబిస్తోంది? గొంతు పాడే స్వరాలనే వయొలిన్లు కూడా వాయిస్తున్నాయా, లేక వాటికి వేరే దారి ఉందా? ప్రతి చోటా గొంతుతోనే నడిచే వాద్యాలు పాటకు ఊతకర్ర మాత్రమే అవుతాయి. ట్యూనిక్ రాసినవి వింటే, మనిషి నోటితో ఒకటి చెబుతుంటే వాద్యాలు అతని లోపల ఉన్న ఇంకొకటి చెబుతాయి. 'మై ఫ్రెండ్స్'లో మాటలన్నీ ప్రేమే. కానీ ప్రేమించేది కత్తుల్ని. లాలనా భయమూ రెండూ ఒకేసారి వినపడాలి, ఏ ఆల్బమ్ ఎటు మొగ్గిందో చూడండి. నా చెవికి 1979లో భయం పైచేయి. 2005లో ఒంటరితనం. 2023లో మంగలిగా పాడిన జాష్ గ్రోబన్ నిండైన గొంతు వల్ల లాలన పైకొచ్చింది, భయం వాద్యాల్లోకి దిగింది. మూడూ ఒకే పాటకు న్యాయం చేసేవే. నేను ఎక్కువసార్లు వినేది 2005, ఎందుకంటే అక్కడ ఆ మనిషి పక్కన ఎవరూ లేరని వాద్యాలే చెబుతాయి.

మూడోసారి మాటలు వినండి. బ్రాడ్‌వే మ్యూజికల్‌లో మాట వినపడకపోతే మిగతాదంతా దండగ. ఇంగ్లిష్ పాట మనకు ఒక్క వినికిడిలో అందకపోవచ్చు, అందుకని సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. ఒక పదం మునిగిపోయిన చోట ఆపి, దాన్ని ముంచింది ఏమిటో వెతకండి. గొంతు పాడే స్థాయిలోనే ట్రాంబోన్ గట్టిగా వాయిస్తుంటే అది రాసినవారి తప్పు. వాద్యాలు మెత్తగానే ఉన్నా గొంతు ఎక్కడో వెనక నుంచి వస్తుంటే అది మిక్సింగ్. పాడేవారే అక్షరం మింగేస్తే పాపం ఆర్కెస్ట్రాని అనకండి.

ఒకరు నలుగురిగా వాయించే చోట

మా అమ్మాయి హైస్కూల్‌లో క్లారినెట్ వాయించేది. ఇక్కడ స్కూళ్ళలో ఏటా ఒక మ్యూజికల్ వేస్తారు, పిల్లలే పిట్‌లో కూర్చుంటారు. ఒక ఏడాది తనకు 'రీడ్ 3' (క్లారినెట్ లాంటి ఊదే వాద్యాలు వాయించే మూడో మనిషి భాగం) అని రాసి ఉన్న పుస్తకం ఇచ్చారు. తెరిచి చూస్తే ఒకే పుస్తకంలో క్లారినెట్, బాస్ క్లారినెట్, టెనార్ సాక్సోఫోన్. మూడూ తనే వాయించాలి. వంటింట్లో కుర్చీ వేసుకుని ప్రాక్టీస్ చేసేది. బాస్ క్లారినెట్ కింది మేకు టైల్స్ మీద జారకుండా కాళ్ళు తుడుచుకునే పాత పట్టా వేసుకునేది. ఒక పేజీలో క్లారినెట్ దించి బాస్ క్లారినెట్ ఎత్తుకోవడానికి నాలుగు బార్లు (తాళపు ఆవృత్తాలు) ఖాళీ ఇచ్చారు. స్టవ్ మీద పప్పు ఉడుకుతుంటే నేను చేత్తో తాళం వేసేదాన్ని, తను వాద్యం మార్చుకుని ఊపిరి పట్టి మొదటి స్వరం అందుకునేది. మొదటి వారం ప్రతిసారీ ఆ స్వరం గాలిగా వచ్చింది. చల్లబడిన వాద్యం వెంటనే పలకదు.

ఆ తర్వాత నేను ఆల్బమ్‌లు వినే తీరు మారిపోయింది. బ్రాడ్‌వే పిట్‌లో ఫ్లూట్, క్లారినెట్, ఒబో లాంటి ఊదే వాద్యాలన్నీ ఇలా కొద్దిమంది చేతుల్లోనే తిరుగుతాయి. ఒక పాటలో ఒబో వినిపించి, కాసేపటికి ఇంగ్లిష్ హార్న్ వినిపించి, రెండూ ఎప్పుడూ కలిసి రాకపోతే, ఆ రెండూ ఒకే మనిషివి కావచ్చు. ఆర్కెస్ట్రేటర్ ఆ మార్పిడికి ఎక్కడ సందు ఇచ్చాడో వెతకండి. ఆ సందును పాటలోని మౌనంగా మలిచాడా, లేక ఏదో ఒకటి మోగాలి కాబట్టి డ్రమ్ములతో నింపాడా? అయిదుగురితో పదిహేను రంగులు చూపించినవారి నేర్పు బుక్‌లెట్‌లోని సంఖ్యలో కనపడదు. విని పట్టుకోవాల్సిందే.

తీగవాద్యాల దగ్గర ఇంకో పరీక్ష. నేను చిన్నప్పుడు బాబాయి దగ్గర కొన్నాళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, కాబట్టి కమాను తిరిగే చప్పుడు నా చెవికి అలవాటు. నిజమైన వయొలిన్ ఒక స్వరాన్ని పొడుగ్గా పట్టుకుంటే మధ్యలో కమాను దిశ మారుతుంది, ఆ చోట చిన్న వణుకు ఉంటుంది. ఇద్దరు ముగ్గురే ఉంటే ఆ వణుకులు విడివిడిగా తెలుస్తాయి. పదిమందైతే ఒకరివి ఒకరు కప్పేసి మెత్తటి పట్టులా అవుతుంది. కీబోర్డు నుంచి వచ్చే శాంపిల్ (ముందే రికార్డు చేసిపెట్టిన) తీగల్లో ప్రతి స్వరమూ ఒకేలా మొదలవుతుంది, ఒకేలా ఉబ్బుతుంది, ఒకేలా ఆగుతుంది. వేగంగా వాయించే చోట ఇంకా బాగా దొరికిపోతాయి. కీబోర్డు ఉండటం తప్పు కాదు. ఇద్దరు వయొలిన్ల వెనక కీబోర్డు సన్నగా పెట్టి పదిమంది ఉన్నట్టు చూపించబోతేనే నాకు బాధ. ఆ ఇద్దరు ఇద్దరిలాగే వినిపిస్తే ఎంత బాగుండేదో.

హాలు, దూరం, కూత

'స్వీనీ టాడ్'లో ఒక ఫ్యాక్టరీ కూత ఉంది. చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. 1979లో దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్ ఈ లండన్ కథను ఒక పెద్ద కార్ఖానాలో పెట్టాడు. సెట్ కోసం రోడ్ ఐలండ్‌లోని పాత ఇనుప ఫౌండ్రీ ముక్కలు తెప్పించాడు. కూత వచ్చింది ఆ ఊహలోంచే. నేను దీన్ని మాస్టరింగ్ పరీక్షగా వాడతాను. ఆల్బమ్‌లో అతి మెల్లటి పాట ఒకటి హాయిగా వినపడేలా వాల్యూమ్ పెట్టి, ముట్టుకోకుండా, కూత ఉన్న చోటికి వెళ్తాను. ఉలిక్కిపడితే ఆల్బమ్‌లో చిన్నా పెద్దా తేడా బతికి ఉన్నట్టు. కూత పక్కింటి ప్రెషర్ కుక్కర్‌లా వినిపిస్తే ఎవరో అంతటినీ ఇస్త్రీ చేసి ఒకే ఎత్తుకు తెచ్చారు. అలాంటి ఆల్బమ్‌లో 26 మంది అందరూ కలిసి వాయించినా, నలుగురే వాయించినా ఒకేలా ఉంటుంది, ఆర్కెస్ట్రేషన్‌లో సగం అక్కడే పోతుంది. మీరు వినే నాటకంలో కూత లేకపోతే, అతి మెల్లటి పాట నుంచి బృందమంతా గొంతెత్తే పాటకు దూకండి.

దీనికి తిరగేసిన పరీక్ష కూడా చేయండి. వాల్యూమ్ దాదాపు సున్నాకి తగ్గించండి. గొంతు ఎలాగూ కాస్త వినపడుతుంది. దాని తర్వాత ఇంకా వినపడుతున్న రెండో వస్తువు ఏమిటి? మిక్సింగ్ చేసినవారు దేనికి పెద్దపీట వేశారో అదే చెబుతుంది. డ్రమ్ములు మాత్రమే మిగిలితే నాకు అనుమానం వస్తుంది, ముఖ్యంగా 1940ల, 50ల నాటకాలకు.

హాలు సంగతికి వస్తే, పాట చివరి దెబ్బ తర్వాత ఏం మిగిలిందో వినండి. ఆ ధ్వని ఒక గదిలో తిరిగి ఆరిపోతోందా, కత్తిరించినట్టు ఆగిందా? అందరూ ఒకే గదిలో ఉన్నట్టుందా, గాయకుడు మన చెవిలో, ఆర్కెస్ట్రా పక్క ఊళ్ళో ఉన్నట్టుందా? న్యూయార్క్ 30వ వీధిలో కొలంబియా వాళ్ళ స్టూడియో ఉండేది, ఒకప్పటి చర్చి. ఎత్తైన కప్పు. అక్కడ చేసిన కాస్ట్ ఆల్బమ్‌లలో గాలి వినపడుతుంది. 1970లో 'కంపెనీ' ఆల్బమ్ అక్కడే రికార్డు చేశారు, అదీ ట్యూనిక్ ఆర్కెస్ట్రేషనే. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. ఇప్పటి ఆల్బమ్‌లలో మైకు దగ్గరగా ఉంటుంది, ప్రతి మాటా స్పష్టం, గాలి తక్కువ. ఏది మంచిదన్నది నాటకాన్ని బట్టి ఉంటుంది. 2005 'స్వీనీ టాడ్' దగ్గరగా ఉండటమే న్యాయం, వాళ్ళు మన ముఖం మీదే ఆ కథ చెబుతున్నారు. 1979 దానికి దూరం కావాలి, కప్పు కావాలి.

థియేటర్‌లో విన్నదాన్ని, ఆల్బమ్‌ను కలపొద్దని ఒక మాట. 2023లో న్యూయార్క్ 46వ వీధిలోని లంట్-ఫోంటాన్‌లో 'స్వీనీ టాడ్' నేను బాల్కనీ నుంచి చూశాను. అక్కడి సౌండ్ డిజైన్ నెవిన్ స్టైన్‌బర్గ్‌ది, దానికి టోనీ కూడా వచ్చింది. అది ఒక భవనంలో జనం మధ్య వినిపించడానికి చేసిన పని. ఆల్బమ్ వేరే గదిలో, వేరే మైకులతో, వేరే మనుషులు చేసింది. నాకు అక్కడ ఒళ్ళు జలదరించిన చోట ఆల్బమ్‌లో జలదరించకపోతే ముందు మిక్సింగ్‌ను అనుమానిస్తాను, ట్యూనిక్‌ను కాదు.

వాద్యాలే మార్చేస్తే

2019లో 'ఓక్లహోమా!' బ్రాడ్‌వేకి ఏడుగురితో వచ్చింది. డేనియల్ క్లూగర్ కొత్తగా రాశాడు: బాంజో, మాండలిన్, పెడల్ స్టీల్ గిటార్, అకార్డియన్, వయొలిన్, చెల్లో, బేస్. ఇలాంటిదాన్ని బెన్నెట్ రాసిన 28 మందితో పోల్చి "తగ్గింది" అనడంలో అర్థం లేదు. ఇక్కడ అడగాల్సింది ఒకటే: పాత ఆర్కెస్ట్రేషన్ చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? మొదటి పాటలో తెల్లవారే పొలాన్ని బెన్నెట్ ఆర్కెస్ట్రాతో బొమ్మ గీశాడు. క్లూగర్ ఆ బొమ్మ గీయలేదు. గిటార్ పట్టుకుని ఒక మనిషి పాడతాడు, పొలాన్ని మనం ఊహించుకోవాలి. అది నాకు నచ్చింది, ఎందుకంటే ఆ పాట తన కాళ్ళ మీద నిలబడింది. బృందమంతా కలిసి ఓక్లహోమా రాష్ట్రం పేరు ఎలుగెత్తి పాడే చోట మాత్రం నాకు ఆ 28 మంది లేని లోటు తెలిసింది. అదే ఆల్బమ్ గురించి రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. రెండూ రాయండి, సగటు తీయొద్దు.

కొన్ని రివైవల్స్‌లో పాత ఆర్కెస్ట్రేషన్‌నే కుదించి, కొత్తగా ఏమీ ఆలోచించకుండా వదిలేస్తారు. ఫ్రెంచ్ హార్న్ గీత కీబోర్డుకు పోతుంది, హార్ప్ గీత ఎవరికీ పోదు. పాత ఆల్బమ్ పక్కన పెట్టి వింటే ఒక చోట గోడకు మేకు మాత్రం ఉండి పటం లేనట్టు తెలుస్తుంది. గొంతు ఆగింది, జవాబు రావాలి, రాలేదు. అలాంటి చోట్ల నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. రెండు మూడు దొరికితే మీ మాటకు బలం ఉన్నట్టు. ఒకటే దొరికితే ఇంకోసారి వినండి.

నేను చీటీ మీద మూడు గళ్ళు గీస్తాను: రాసింది, వాయించింది, రికార్డు చేసింది. 2023 'స్వీనీ టాడ్' చీటీ ఇంకా నా దగ్గరుంది. మొదటి గడిలో "1979 కాగితమే, మార్చాల్సిన అవసరం లేదు" అని ఉంది. రెండో గడిలో "కింది వాద్యాలు బాగా మోస్తున్నాయి, బ్రాస్ ఎక్కడా గొంతు మీద పడలేదు". మూడో గడిలో "నాకు గొంతులు ఒక అడుగు ముందుకొచ్చాయి, ఆర్గన్ ఇంకాస్త ఉంటే బాగుండు. కూత: ఉలిక్కిపడ్డాను." ఆ ఇద్దరు స్నేహితురాళ్ళకీ ఫోటో తీసి పంపింది ఈ చీటీనే. ఒకరు 1979 ఆల్బమ్ తెప్పించుకున్నారు, రెండోవారు ఆర్గన్ విషయంలో నాతో ఇప్పటికీ ఒప్పుకోరు.